మొదటి అల పోయాక

రొయ్యలు ఒలిచే షెడ్డులో అందరూ ఆవిడని గంటక్క అనేవాళ్ళు. పని మొదలయ్యే గంటా, ఆగే గంటా ఆవిడే కొట్టేది. నోరు పెద్దదే గానీ మనసు చెడ్డది కాదు. యజమాని మాట వినిపిస్తే చాలు, భయంతో లేచి నిలబడేది. ఏ పనికైనా ఆడవాళ్ళు జంకితే ముందు తన చెల్లెల్ని దింపేది, ఆ తరవాతే మిగతావాళ్ళు. ఆ రివాజు పెట్టింది తనే, మహా నీతిమంతురాలు మరి.

ఆ రోజు నేల మెల్లగా, చాలాసేపు ఊగింది. గిన్నె కూడా కింద పడలేదు. ఇదీ ఒక భూకంపమేనా అని నవ్వుకున్నారు. అయినా హార్బరు సైరన్ మోగేసరికి అందరూ షెడ్డు వెనక గుట్టెక్కారు. అల వచ్చింది, షెడ్డు గుమ్మం తడిపి వెనక్కి పోయింది. దీనికా ఇంత హడావుడి అని గుట్ట మీద మళ్ళీ నవ్వులు.

అంతలో యజమాని ఫోన్ చేశాడు. రొయ్యల మీద ఐస్ వెయ్యకుండా పోయినసారిలా కుళ్ళబెడితే, రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదని చెప్పి పెట్టేశాడు. గంటక్క అందరినీ దిగమంది. హార్బరు ఆఫీసు మనిషి మైకు పట్టుకుని, సముద్రం అడుగున నేల జారింది, ఇంకా అలలు వస్తాయి, వెనకొచ్చేదే పెద్దది కావచ్చు, దిగొద్దని మొత్తుకుంటున్నాడు. ఆడవాళ్ళు కదల్లేదు. వాళ్ళలో పెద్దామె తాపీగా అంది:

"ముందు నీ చెల్లెల్ని పంపు. ఆ వెనకే మేమూ వస్తాం."

చెల్లెలు అక్క మొహంలోకి చూసింది. "అక్కా, అయిపోయిందంటావా?"

గంటక్కకి తెలీదు. తెలీదని చెప్పడానికి నోరు రాలేదు, పాపిష్ఠి నోరు.

"అయిపోయిందే. అందరిముందూ నా పరువు తియ్యకు, పో."

ఆ పిల్ల రబ్బరు బూట్లతో టపటపా దిగిపోయింది. షెడ్డు తలుపు తీసి, రమ్మని చెయ్యి ఊపింది. పెద్దామె ఒక అడుగు వేసి ఆగింది. సముద్రం లేచి వస్తోంది. చూస్తుండగానే తలుపూ లేదు, షెడ్డూ లేదు, పిల్లా లేదు. గంటక్క కిందికి పరుగెత్తబోతే నలుగురు పట్టుకున్నారు. వదలండే అని వాళ్ళ చేతులు రక్తం వచ్చేలా కొరికింది.

సాయంత్రం మళ్ళీ యజమాని ఫోన్. సరుకు పోయిన సంగతి అప్పటికే తెలుసు, బీమా ఉందట. మనవాళ్ళు ఎంతమంది పోయారని అడిగాడు.

"ఒక్కరండీ."

"హమ్మయ్య, ఒక్కరేనా! నువ్వుండబట్టి సరిపోయింది."

"అవునండీ," అంది గంటక్క.