సిగ్నల్ అందిన మేర

చింతపండు బస్తా వీపుకెక్కేటప్పుడు ముయా ఊపిరి బిగబట్టడు, వదులుతాడు. అలా చేస్తే నడుము పట్టెయ్యదని చిన్నప్పుడు ఎవరో చెప్పారు. ఆ పొద్దు కూడా కాశయ్య సేటు గోదాములోంచి లారీ దాకా అలాగే మోస్తున్నాడు. బరువులకు కుడి భుజం కాస్త కిందికి జారింది. మెడ వెనక చర్మం గట్టిపడి నల్లటి తోలులా మెరుస్తుంది. శబరి ఏటి ఒడ్డునున్న కోంటా బజారులో అతన్ని చూడనివాళ్ళు లేరు. అతని గురించి మాట్లాడుకునేవాళ్ళూ లేరు.

ముయాది అడవి లోపలి కొత్తమడుగు. అన్నలకూ పోలీసులకూ మధ్య గొడవల కాలంలో ఊరంతా చెదిరిపోయింది. కొందరు శబరి దాటారు, కొందరు భద్రాచలం వైపు మిరప తోటలకు పోయారు. తమ్ముడు ఆయతు ఎటు పోయాడో తెలియలేదు. ముయా, అతని భార్య లక్కే కోంటా శిబిరంలో తలదాచుకున్నారు. లక్కే జ్వరంతో పోయాక అతను గోదాము వసారాలోనే పడుకోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు దారులు తెరుచుకున్నాయి. కొందరు పాత ఊళ్ళకు తిరిగి పోతున్నారని సంతలో విన్నాడు. నువ్వు పోవా అని ఎవరైనా అడిగితే, "ఏముందక్కడ, అడివే గదా," అనేవాడు. పోయి చూస్తే నిజంగానే అడవి తప్ప ఏమీ ఉండదేమోనని అతని భయం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

లారీ కదిలాక సేటు కొడుకు కిరణ్‌కుమార్ పిలిచాడు. అతనికి డ్రోన్ పిచ్చి. కొట్టు పని తీరితే చాలు, దాన్ని ఎగరేసి ఏటి ఒడ్డునో పొలాలనో వీడియో తీస్తాడు. కానీ కాస్త దూరం పోగానే సిగ్నల్ తెగి, డ్రోన్ దానంతటదే వెనక్కి వచ్చేస్తోంది. అందుకని కొత్త యాంటెన్నాలు తెప్పించాడు. అరచేయంత తెల్లటి పలకలు రెండు. రిమోట్ విప్పి, పాత తీగలు ఊడదీసి, వీటి తీగలు తగిలించి, పలకల్ని ఒక అట్టకు బిగించాడు.

"ముయన్నా, జర గుట్ట మీదికి రా. డ్రోన్ ఎగరేస్తమని పోలీసు థానాల చెప్పొచ్చిన. ఇది పట్టుకుని నిలబడాలె."

"ఏంది బాబూ ఇది?"

"యాంటెన్నా. టార్చిలైటు తీరు. ఎటు తిప్పితే అటే సిగ్నల్. చెయ్యి కదిలిందా, బొమ్మ పోతది."

గుట్ట మీద రాళ్ళు కాలుతున్నాయి. ముయా అట్టను రొమ్ముకెత్తి పట్టుకున్నాడు. డ్రోన్ తేనెటీగలా రొద చేస్తూ లేచింది.

"ఎటు పంపుదాం?"

ముయా అడవి వైపు గడ్డంతో చూపించాడు. "అటు."

"అటేముంది?"

"మా ఊరుండె."

కిరణ్ డ్రోన్‌ను అటు తిప్పాడు. రిమోట్‌కు బిగించిన ఫోనులో ఇప్పచెట్ల తలలు, ఎండిన వాగు కదిలిపోయాయి. ఎప్పుడూ బొమ్మ తెగే చోటు వచ్చింది. బొమ్మ ఒక్కసారి వణికి, నిలబడింది. ఇంకా పోయాక మడుగు కనిపించింది, నల్లగా, చిన్నగా. దాని పక్కన తమ పొలం.

పొలంలో తుప్పలు లేవు. చుట్టూ కొత్తగా కొట్టిన కర్రలతో సగం దాకా కంచె. ఓ మూల తాటాకు గుడిసె, దాని మీద పొగ. రొద విని ఒక మనిషి బయటికొచ్చి పైకి చూశాడు. గబగబా చెట్టు కిందికి నడిచాడు. ఎడమ కాలు ఈడుస్తూ, కుడి చెయ్యి బారుగా ఊపుతూ. చిన్నతనంలో తాటిచెట్టు మీంచి పడ్డప్పటి నుంచి ఆయతుది అదే నడక.

బొమ్మ ముక్కలు ముక్కలైంది.

"ముయన్నా, చెయ్యి! చెయ్యి కదులుతుంది!"

ముయా మోచేతుల్ని డొక్కలకు ఆనించి బిగించాడు. బొమ్మ తిరిగొచ్చింది.

"మా తమ్ముడు," అన్నాడు.

"బతికే ఉన్నడా?"

"నడుస్తుండు గదా."

బ్యాటరీ తగ్గిందని రిమోట్ మోగింది. డ్రోన్ వెనక్కి మళ్ళింది. "నాలుగు కిలోమీటర్లు కొట్టింది!" అని సంబరంగా అరిచిన కిరణ్, ముయా ముఖం చూసి ఆగిపోయాడు. "ఇంకో బ్యాటరీ ఉంది. మళ్ళ పంపుదామా?"

"వద్దు బాబూ. బెదురుతడు."

మధ్యాహ్నం ఇప్పపువ్వు బస్తాలు వచ్చాయి. ముయా అన్నీ దింపి, వరసగా పేర్చి, నేల ఊడ్చాడు. కాశయ్య కొట్టు మూసే వేళకు ముయా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సేటూ, రేపటి నుంచి రాను."

"ఏంది, ఒంట్లో బాలేదా?"

"ఊరికి పోతున్న."

"మళ్ళ ఎప్పుడొస్తవ్?"

"తెల్వదు. కంచె సగమే అయింది. ఒక్కడే ఏస్తున్నట్టుండు."

కాశయ్య అతని ముఖంలోకి చూశాడు. లోపలికి పోయి ఉప్పు, పొగాకు మూట కట్టి తెచ్చి చేతిలో పెట్టాడు. "ఉప్పు అక్కడ దొరకదు," అన్నాడు.

తెల్లవారి కిరణ్ కొట్టు తెరవడానికి వచ్చేసరికి వసారా ఊడ్చి ఉంది. చాప లేదు, దండెం మీద బట్టలు లేవు. పిట్టగోడ మీద సేటు ఇంట్లో ముయాకు అన్నం పెట్టే అంచు సొట్టపడిన సత్తు పళ్ళెం కడిగి బోర్లించి ఉంది, దాని చుట్టూ తడి ఇంకా ఆరలేదు.