ఎండకేసిన పసిబట్టలు

పసిబట్టల మూట విప్పి దండెం మీద ఎండకేయడం ఆ ఇంట్లో ఏటేటా ఉండే పని. చలి మొదలయ్యే రోజుల్లో ఒక సెలవుపూట అత్తగారు అటకమీంచి మూట దించితే, టీచరమ్మ ఆ పని చేస్తుంది. కూతురు అవన్నీ ఎప్పుడో దాటేసి బడి సంచీ మోస్తోంది. అయినా ఆ జుబ్బాలకీ ఊలు టోపీలకీ పురుగు పట్టకూడదు, రెండోవాడికి పనికొస్తాయి. ఆ రెండోవాడు ఎవరి కడుపున పడాలో, ఆ మనిషిని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"బాగా ఎండనీ. ఈ ఏడైనా వాటికి పని తగులుతుందేమో," అన్నాడు వరండాలో టీ తాగుతున్న మొగుడు. చెడ్డవాడేం కాదు. పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఏడిస్తే, "నీ కూతురు ఏడుస్తోంది" అని పెళ్ళాన్ని లేపేంత బాధ్యత తెలిసినవాడే.

బడిలోనూ ఇదే గోల. పిల్లలు తగ్గిపోయి బడి మూతపడేలా ఉంది, ఇంటింటికీ తిరిగి చేర్పించమన్నారు. ఏ గడప ముందు నిలబడినా ముందు వాళ్ళదే ప్రశ్న. "మీకెందరు టీచరుగారూ?" "ఒక్కతే." "బావుంది! మీరు పిసినారితనం చేసి మా మీద పడితే ఎలా?" హెడ్మాస్టరైతే, "మీ ఆడవాళ్ళు తలా ఇంకొకర్ని కనుంటే మనకీ తిప్పలుండేవా అమ్మా?" అన్నాడు. ఆయన పిల్లలు ముగ్గురూ ప్రైవేటు బడిలో చదువుతున్నారు.

నిన్న ఐదో తరగతికి జనాభా పాఠం చెప్పింది. ఊరు పెరగడానికి దారులు రెండు, పుట్టేవాళ్ళూ వచ్చేవాళ్ళూ. తరగడానికీ రెండే, చనిపోయేవాళ్ళూ వెళ్ళిపోయేవాళ్ళూ. మిల్లు పనికి ఎక్కడినుంచో వచ్చినవాళ్ళ పిల్ల వెనక బెంచీలోంచి లేచి, "మేం వచ్చినవాళ్ళం కదా టీచర్, మమ్మల్నీ కలుపుతారా?" అంది. "కలపకపోతే ఎలా తల్లీ? మీరు రాబట్టేగా ఈ తరగతి నిలబడింది!" అంది తను. ఆ పిల్లకి చెల్లెలు పుట్టిందట. తువ్వాలులో చుట్టి పడుకోబెడుతున్నారట.

ఆ తువ్వాలే మనసులో మెదులుతుండగా, మూట అడుగునుంచి పసుప్పచ్చ స్వెట్టరొకటి బయటికొచ్చింది. కూతురిది కాదు. ఎన్నడూ తొడిగినట్టు లేదు.

"అదిలా ఇవ్వు," అంది అత్తగారు, పీట లాక్కుని పక్కన కూర్చుంటూ. "నీ మొగుడి తర్వాత పుట్టినదానికి అల్లింది. పట్టుమని పది రోజులుండలేదు. ఏడుపన్నా తీరనివ్వకుండా, ఇంకొకర్ని కంటే మర్చిపోతావన్నారు. కన్నాను. మర్చిపోలేదు." స్వెట్టరును ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. "అన్ని కాన్పులైనా నన్నొక్కరూ అడగలేదే. నేనూ నిన్ను అడక్కుండానే ఏటా ఈ మూట దించుతున్నాను. ఇప్పుడడుగుతున్నా. నీకు కావాలా, అమ్మాయ్?"

టీచరమ్మ ఆవిడ చేతుల్ని చూసింది. ఈ చేతులే కదా, తను బడికి పరుగెత్తే ప్రతి పొద్దునా పిల్లని అందుకున్నవి. మూతి ముడిచే అందుకుంటే ఏం, ఒక్కనాడూ జారవిడవలేదు. ఆ చేతుల పుణ్యమే తన ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఆ మాట తనూ అనలేదు.

"వద్దత్తయ్యా," అంది. "నాకు ఈ ఒక్కతే చాలు. నా ఉద్యోగమూ మీ చలవే."

"అయితే వీటిని ఎండలో పెట్టి ఏం లాభం? చలిలో ఉన్నవాళ్ళకియ్యి."

ఇద్దరూ కలిసి మడతలు పెట్టారు. స్వెట్టరు దగ్గర మాత్రం అత్తగారి చెయ్యి ఆగింది. తర్వాత తనే దాన్ని అన్నిటికన్నా పైన పెట్టి ముడేసింది.

సాయంత్రం టీచరమ్మ మిల్లు వెనక రేకుల గదికి వెళ్ళి, పసిదానికి ఆ స్వెట్టరు తన చేత్తోనే తొడిగి వచ్చింది. ఇంటికొచ్చేసరికి ఖాళీ దండేన్ని చూస్తూ మొగుడు నిలబడి ఉన్నాడు.

"బట్టలేవీ? ఇచ్చేశారా! మన ఇంటికి ఇంకో మనిషి వస్తుందనుకుంటే..."

"వచ్చిందిగా," అంది అత్తగారు, కోడలి చేతిలోని సంచీ అందుకుంటూ. "నీ పెళ్ళినాడే వచ్చింది. మనమే ఇన్నాళ్ళూ కలుపుకోలేదు."