మెట్ల కింద కుర్చీ

భూమయ్యను ఎల్లారెడ్డిలో ఎవరూ మోసగాడని అనలేదు. చాలాకాలం ఆయన బాధ అంతా అదే.

బస్టాండుకు కూతవేటు దూరంలో, కామారెడ్డి రోడ్డు మీద ఆయనకు రెండంతస్తుల ఇల్లుంది. కింద తనూ, భార్య నర్సవ్వా ఉంటారు. పైన రెండు గదులు, ముందో వరండా. ఊరి బయట వరి పొలం. ఒకరి ముందు చెయ్యి చాపడు, ఒకరి సొమ్ముకు ఆశపడడు అని పేరు. సంతకొచ్చిన తండావాళ్లు తమ సంచులు ఆయన అరుగు మీద పెట్టి, బజారంతా తిరిగి, సాయంత్రం తీసుకుపోయేవారు. ఒక్క సంచీ పోయిన దాఖలా లేదు. ఆ పేరు తలచుకుంటే ఆయనకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. అందులో తప్పేముంది? సంపాదించుకున్న పేరే కదా.

2010లో ఆ పై గదులకు ఒక కంపెనీ వచ్చింది. దానికేదో పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది గానీ ఎవరికీ నోరు తిరగక అందరూ చెట్ల కంపెనీ అన్నారు. నువ్వు కట్టగలిగినంత కట్టు, నీ పేరు మీద మేము ఎక్కడో టేకు పెంచుతాం, ఆరేళ్లకు మూడింతలు పట్టుకుపో. ఇదీ వాళ్ల బేరం. ఇల్లు చూడటానికి వచ్చిన మేనేజరు గదులు సరిగ్గా చూడనేలేదు. అరుగు మీది సంచుల వంక చూశాడు, వాటి పక్కన కూర్చున్న భూమయ్య వంక చూశాడు, చెప్పిన కిరాయికి మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

భూమయ్య మాత్రం ఏమన్నా తక్కువ తిన్నాడా? తన తండ్రి పొలం గట్టున పెట్టిన టేకు చెట్లు ఇప్పటికీ దూలానికి పనికి రాలేదు. ఆరేళ్ల టేకు సంగతి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అందుకే ఏడాది కిరాయి ముందే చేతిలో పెట్టమన్నాడు.

"వీండ్లు ఎప్పుడు లేచిపోతరో ఏమో. మన జాగ్రత్తల మనముండాలె" అని నర్సవ్వతో అన్నాడు కూడా. ఆ జాగ్రత్తను మాత్రం ఇంటి గడప దాటనివ్వలేదు.

వచ్చిన నెలకే మేనేజరు మెట్ల కింద ఒక కొత్త కుర్చీ వేయించాడు. "మీరేం చెయ్యొద్దు సార్. పొద్దుటిపూట ఇక్కడ కూర్చోండి చాలు" అన్నాడు. కిరాయి మరికాస్త పెంచాడు. కూర్చున్నందుకు డబ్బులిచ్చేవాడు ఎందుకిస్తున్నాడో అడక్కుండా ఉండటం కూడా ఒక విద్యే. భూమయ్యకు ఆ విద్య బాగానే వచ్చు. పేపరు పైనుంచి వచ్చేది, చాయ్ పైనుంచి వచ్చేది. మెట్లెక్కబోయేవాళ్లు ఒక్క క్షణం ఆగి, "బాపూ, పోవచ్చునా?" అని అడిగేవారు. "పోండ్రి, పోండ్రి" అనేవాడు. కట్టమని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ మాట ఎక్కడైనా ఒట్టేసి చెబుతాడు. పోండ్రి అన్నాడు, అంతే.

అలా అడిగి మెట్లెక్కిన వాళ్లలో అందరికంటే ముందు హీరి. లింగంపేట దారిలో ఉన్న తండా మనిషి. కొడుకు హరిచంద్‌తో కలిసి ఏటా చెరుకు కోతకు మహారాష్ట్ర పోయి, ఒళ్లు హూనం చేసుకుని సంపాదించింది కొంగున ముడేసుకుని వచ్చేది. "బాపు కూసున్న ఇంట్ల మన పైసలకేమైతది?" అని తండాలో పదిమందికి చెప్పి, వాళ్లనూ వెంటబెట్టుకొచ్చింది. ఆ మాట భూమయ్య చెవినా పడింది. పడినప్పుడు ఆయన పేపరు తిరగేశాడు.

2013 ఎండాకాలంలో ఒక పొద్దున చూస్తే పైన తాళం. మేనేజరూ లేడు, గుమాస్తాలూ లేరు, ఫోన్లు మోగడం లేదు. రాత్రికి రాత్రే బిచాణా ఎత్తేశారు. ఎండ ముదిరేసరికి ఇంటి ముందు జనం నిండిపోయారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు, తిట్టేవాళ్లు తిడుతున్నారు. గుంపులోంచి ఎవడో, "ఇంటాయనకు తెల్వకుంట పోయిండ్రా? ముందుగాల ఈయన్ను పట్టుండ్రి!" అని అరిచాడు. గుంపును తోసుకుంటూ హీరి ముందుకొచ్చింది. జుట్టు రేగిపోయి, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"బాపూ, నీయి గూడ పోయినయా?" అంది.

లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను కట్టలేదు బిడ్డా, వాళ్ల మీద నాకు నమ్మకం లేకుండె అనాలి. అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో భూమయ్యకు తెలుసు.

"పోయినయి బిడ్డా" అన్నాడు.

ఆ ఒక్క మాటతో గుంపు చల్లబడింది. అరిచినవాడు తల దించుకున్నాడు. హీరి తన ఏడుపు మానేసి ఆయన కోసం ఏడ్చింది. ఎవరో భుజం పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టారు. తన్నులు తప్పాయనుకున్న మనిషికి, ఓదార్పు తన్నులకంటే ఎక్కువ నొప్పి పెడుతుందని అప్పుడే తెలిసింది.

జనం వెళ్లాక నర్సవ్వ తలుపు దగ్గర నిలబడి అడిగింది. "ఎప్పుడు కట్టినవ్? నాకు తెల్వకుంట?"

"కట్టలే."

"మరి గట్లెందుకన్నవ్?"

"ఊకో. ఎవలన్న ఇంటరు."

నర్సవ్వ ఆ పూట అన్నం వడ్డించింది గానీ రోజూలాగా ఎదురుగా కూర్చోలేదు.

నెల తిరక్కుండా డబ్బు పోగొట్టుకున్న వాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పెద్దమనిషి ఎవరుండాలి? ఇంకెవరు, భూమయ్యే. ఆరోగ్యం బాగాలేదన్నాడు, పొలం పనులున్నాయన్నాడు. ఎవరు వింటారు? "నీ బాధ మాకు తెల్వదా బాపూ, నువ్వే ముంగటుండాలె" అన్నారు. మా పైసలు పోయినయని రాసిన సంఘం కాగితం మీద అందరికంటే పైన ఆయన చేతే సంతకం పెట్టించారు. పెట్టాక ఆయన నిజంగానే తిరిగాడు. బస్సు చార్జీలు తనే పెట్టుకున్నాడు, ఆఫీసుల ముందు ఎండలో నిలబడ్డాడు. ఇంత తిరిగితే ఆ అబద్ధం అరిగిపోతుందని ఆశ. అది అరగలేదు. ఆయన తిరిగిన కొద్దీ జనం ఇంకా నమ్మారు, నమ్మిన కొద్దీ ఆయనకు వాళ్ల మొహాలు చూడటం కష్టమైంది.

నాట్లు అయిపోయాక కామారెడ్డి నుంచి కబురొచ్చింది. పోలీసు ఆఫీసరు ఒకాయన వాంగ్మూలాలు తీసుకుంటున్నాడు, రమ్మన్నాడని. సంఘం తరఫున భూమయ్య, తండా తరఫున హీరి బస్సెక్కారు. హీరికి తన గొడవ పెద్దగా లేదు, డబ్బు కట్టినట్టు కంపెనీ ఇచ్చిన కాగితం తన దగ్గరే ఉంది. ఆమె దిగులంతా తండాలోని మరో నలుగురి గురించి. కంపెనీవాళ్లు పోయే ముందు కొత్తవి ఇస్తామని చెప్పి బాబూలాల్‌దీ, గంగాబాయిదీ, ఇంకో ఇద్దరిదీ కాగితాలు వెనక్కి తీసుకున్నారు. డబ్బు కడుతున్నప్పుడు వాళ్ల పక్కనున్నది హీరి ఒక్కతే. "నేను చెప్తే ఆళ్ల పేర్లు రాస్కుంటరు గద బాపూ?" అని దారిలో పదేపదే అడిగింది. రాసుకుంటారని భూమయ్య పదేపదే చెప్పాడు.

ఆఫీసరు ఓపికున్న మనిషి. ఇద్దరినీ కూర్చోమన్నాడు.

"కాగితాలున్నోళ్లతోని ఇబ్బంది లేదు. లేనోళ్లకు, కడుతుంటే కండ్లార చూసినోళ్లు చెప్పాలె" అన్నాడు.

"నేను చూసిన సారూ" అని హీరి మొదలుపెట్టింది. బాబూలాల్ ఎడ్లు అమ్మి కట్టింది చెప్పింది, గంగాబాయి ఎన్నిసార్లు వచ్చిందీ, ఏ పండుగ ముందు వచ్చిందీ చెప్పింది. తడుముకోకుండా నలుగురివీ చెప్పింది. ఆయన నలుగురివీ రాసుకున్నాడు. తర్వాత భూమయ్య వైపు తిరిగాడు.

"సంఘం పెద్దలు మీరే కద. మీ కాగితం?"

భూమయ్య చెయ్యి ఊరికే జేబు మీదికి పోయింది. "లేదు సార్... అది..."

"బాపుది గూడ ఆళ్లే తీస్కపోయిండ్రు సారూ" అంది హీరి, ఆయన మాట పూర్తి కానివ్వకుండా. "నేను చూసిన. నా ముంగటనే కట్టిండు."

"నిజమేనా అమ్మా?"

"మా హరిచంద్ మీద ఒట్టు."

చెప్పి, భూమయ్య వైపు ఒక్కసారి చూసింది. నీకెందుకు, నేనున్న కద అన్నట్టు ఉంది ఆ చూపు. భూమయ్యకు తల కొట్టేసినట్టయింది. ఏమీ పోని మనిషి కోసం, ఉన్నదంతా పోయిన మనిషి కన్నకొడుకు మీద ఒట్టు వేసింది. ఆఫీసరు రాసి, ఇంకు డబ్బా ఆమె ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు ఇంకులో పెట్టింది.

"ఆగు హీరీ" అన్నాడు భూమయ్య. "సార్, ఆమె నాకోసం అబద్ధం చెప్తుంది. నేను కట్టలే. ఒక్క రూపాయి కట్టలే. ఆళ్ల మీద నాకు మొదటినుంచే నమ్మకం లేకుండె."

గుండె మీది బండ దిగినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. ఆఫీసరు పెన్ను పక్కన పెట్టాడు.

"మరి ఈ నలుగురి సంగతేందమ్మా?"

"అది నిజం సారూ! బాంచెన్, అది నిజం!"

"ఈ పెద్దమనిషిది గూడ ఒట్టేసే చెప్పినవు గద" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, విసుగు కూడా లేదు. "రేపు కోర్టుల వకీలు ఇదే అడుగుతడు. చూసినోళ్లు ఇంకెవలన్న ఉంటే తోల్కరండ్రి. నీ ఒక్కదాని మాట మీద ఈ పేర్లు నేను కోర్టుకు పంపలేను." నలుగురి సంగతీ రాసుకున్న కాగితం తీసి వేరే పెట్టాడు.

"నేను చెప్త సార్!" అన్నాడు భూమయ్య. "రోజూ కిందనే కూసున్న. ఆళ్లు వచ్చుడు నా కండ్లతోని చూసిన."

ఆఫీసరు ఆయన వైపు తిరిగాడు. "మీ పైసలు పోయినయని సంఘం కాయితం మీద సంతకం పెట్టింది మీరే కద పెద్దమనిషీ" అన్నాడు.

భూమయ్య అబద్ధం చెప్పి తన ఒంటిని కాపాడుకున్నాడు, నిజం చెప్పి తన మనసును కాపాడుకున్నాడు. రెండుసార్లూ ఖర్చు తండావాళ్లదే. సిగ్గంటే ఏమిటో అరవై ఏళ్లకు ఆయనకు పూర్తిగా తెలిసొచ్చింది.

తిరుగు బస్సులో హీరి కిటికీ పక్కన కూర్చుంది. బొటనవేలికున్న ఇంకును కొంగుతో రుద్దుతూనే ఉంది. లింగంపేట దాటాక అడిగింది.

"ఎందుకన్నవ్ బాపూ, పోయినయని?"

"భయమైంది."

"కొడ్తరనా?"

"కొడ్తరని కాదు" అన్నాడు భూమయ్య. "మీ ముంగట పల్చనైత అని."

హీరి తిడితే బాగుండునని ఆయన చూశాడు.

"ఆ నలుగురియి నేనిస్త హీరీ. పొలం అమ్మైనా ఇస్త."

"ఇస్తె ఇయ్యి, లేకుంటె లేదు. అది తర్వాత ముచ్చట. ఇయ్యాల ఆళ్లు ఇండ్ల ముంగట కూసోని నాకోసం చూస్తుంటరు. ఆళ్లకు ఎవలు చెప్పాలె?"

"నువ్వు చెప్పు బిడ్డా. నేను ఏ మొకం పెట్టుకొని రావాలె? ఉన్నదున్నట్టు చెప్పు. తప్పంత నాదేనని చెప్పు."

హీరి మొదటిసారి ఆయన వైపు తిరిగింది.

"నేను చెప్తె నమ్మరు బాపూ" అంది. "బాపు గట్ల చేసిండంటె నన్నే తిడ్తరు. బాపు మీద గింత మాట ఎట్లొచ్చిందే నీ నోటికి అంటరు."

భూమయ్య ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. తన మీద పెట్టుకున్న నమ్మకానికి ఇంకా చిల్లు పడలేదు. దాన్ని పొడవాల్సింది తనే.

తండా స్టేజీ దగ్గర బస్సు ఆగింది. హీరి దిగింది. కండక్టరు రైట్ అనబోతుంటే భూమయ్య లేచి, ఎల్లారెడ్డి దాకా తీసుకున్న టికెట్ చేతిలో ఉండగానే దిగిపోయాడు.

ఇద్దరూ నడిచి వచ్చేసరికి నిజంగానే నలుగురూ ఎదురు చూస్తున్నారు. బాపు స్వయంగా వచ్చాడంటే పని అయినట్టేనని బాబూలాల్ మొహం విప్పారింది. గంగాబాయి చీర కుచ్చెళ్లు దులుపుకుని లేచి నిలబడింది. హీరి కోడలు కళ గబగబా లోపలికి పోయి చెంబుతో చల్లటి నీళ్లు తెచ్చి ఆయన ముందు పట్టుకుంది. గొంతు ఎండిపోయి ఉంది, అయినా ఆయన చెయ్యి చాపలేదు.

"ఆగు బిడ్డా" అన్నాడు. "ముందుగాల నేను చెప్పేది ఇనుండ్రి. ఇన్నంక ఇయ్యాలనిపిస్తె ఇయ్యుండ్రి."

మొదటినుంచీ చెప్పాడు. ముందే తీసుకున్న ఏడాది కిరాయి చెప్పాడు, కూర్చున్నందుకు పెంచిన కిరాయి చెప్పాడు, టేకు సంగతి తనకు తెలుసని చెప్పాడు. కామారెడ్డిలో హీరి తన కోసం వేసిన ఒట్టు, దానివల్ల పక్కకుపోయిన నలుగురి పేర్లు చెప్పాడు. మధ్యలో ఒకసారి బాబూలాల్ నవ్వబోయాడు, బాపు ఏదో పరాచికం ఆడుతున్నాడని. హీరి మొహం చూసి ఆ నవ్వు ఆపుకున్నాడు.

చెప్పడం అయిపోయింది. ఎవరూ తిట్టలేదు. గంగాబాయి ఉన్నచోటే మెల్లగా కూలబడింది. కళ చెంబు పట్టుకుని ఇంకా ఆయన ముందే నిలబడి ఉంది. అత్త వంక చూసింది, బాబూలాల్ వంక చూసింది. ఇవ్వమని ఎవరూ అనలేదు, ఇవ్వొద్దని కూడా ఎవరూ అనలేదు.

కాసేపు చూసి, ఆ చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.