ముట్టుకోకూడని మాత్ర

పేపరు మీంచి కళ్లెత్తకుండా ఆయన చెయ్యి చాచాడు. పెళ్లయిన నాటినుంచీ అలా చాచిన చేతిలో ఏదో ఒకటి వచ్చి పడుతూనే ఉంది. కాఫీ, కళ్లజోడు, తువ్వాలు, తలనొప్పి మాత్ర. ఆమెకి ఆఫీసు బస్సు తప్పిపోయిన రోజుల్లో కూడా పడింది. ఆ వేళ ఏమీ పడలేదు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"మాత్రేదోయ్?"

"అదిగో, బల్లమీద. నేను ముట్టుకోకూడదుగా."

ఆయనకి లుకేమియా అని తేలిన రోజు ఇల్లంతా ఏడ్చింది. అందరికంటే ఎక్కువ ఆమే ఏడ్చింది, అదీ వంట చేస్తూనే. ఈ రకానికి రోజూ వేళకి మాత్ర మింగితే చాలు, మానితే మాత్రం జబ్బు మళ్లీ తలెత్తుతుంది అంది డాక్టరమ్మ. ఆ మాత్రని ఇంట్లో మిగతావాళ్లు ఒట్టి చేత్తో తాకకూడదన్నాడు ఆస్పత్రి మందుల గదిలో అతను. ఆయన ఆ ముక్క విని, ఫోను మోగితే బయటికి వెళ్లిపోయాడు.

"మొగుడికి మందివ్వని పెళ్లాన్ని ఎక్కడా చూళ్లేదమ్మా" అంది అత్తగారు.

"పోనీ మీరివ్వండి అత్తయ్యా."

అత్తగారు చేతులు కొంగులో దాచుకుంది.

ఆయన మూలుగుతూ లేచి వంటింట్లోకి వెళ్లాడు. "గ్లాసులెక్కడుంటాయి?" అని కేకేశాడు. ఆ అరలన్నీ దగ్గరుండి కొట్టించింది ఆయనే.

ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. బీరువాలో చీరల కింద చేతి తొడుగుల పెట్టె ఉంది. అవి తొడుక్కుంటే నిక్షేపంగా మాత్ర ఇవ్వొచ్చు. ఆయన ఫోన్లో ఉండగా మందులతను ఆ మాటా చెప్పాడు, ఆ పెట్టె కూడా ఆమె చేతికిచ్చాడు. మనిషి ప్రాణంతోనా పంతం అని తనని తానే తిట్టుకుంది. రోజూ ఆయన స్నానానికి వెళ్లగానే మాత్రల షీటు తీసి లెక్క చూసుకునేది. ఒక్క పూట మర్చిపోయినా పెట్టె బయటికి తీసేద్దామనుకుంది.

ఒక ఉదయం మర్చిపోయాడు. బూట్లేసుకుని గేటు దాటేశాడు. ఆమె గబగబా బీరువా తెరిచి ఒక తొడుగులో చెయ్యి దూర్చింది, అది తొడుక్కుని పరిగెత్తాలని. ఇంతలో గేటు కిర్రుమంది. "నా మాత్ర మర్చిపోయానోయ్" అంటూ ఆయనే వెనక్కొచ్చాడు. నీళ్లు పోసుకున్నాడు, మింగాడు, గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్లాడు. ఆమె బీరువా తలుపు చాటున నోరు మూసుకుని నవ్వింది. ఆ నవ్వుకే కన్నీళ్లొచ్చాయి. తుడుచుకోబోతే రబ్బరు వేళ్లు బుగ్గకి అతుక్కున్నాయి.

తర్వాతి పరీక్షల్లో రక్తం బాగుందంది డాక్టరమ్మ. "నేనే వేసుకుంటానండీ, ఒకళ్లు అందించక్కర్లేదు" అని ఆయన కాలరు సర్దుకున్నాడు. నిజానికి ఆమెకీ గర్వంగానే ఉంది.

మందుల గది కిటికీ దగ్గర అతను ఆమెని గుర్తుపట్టాడు. "గ్లోవ్స్ అయిపోయుంటాయి కదమ్మా, ఇంకో పెట్టె ఇవ్వనా?"

"ఏం గ్లోవ్స్?" అన్నాడు ఆయన.

"అవి తొడుక్కుని అమ్మగారు మీకు మాత్ర ఇవ్వొచ్చు కదండీ."

ఆయన నెమ్మదిగా ఆమెకేసి తిరిగాడు. ఆమె తల దించుకోలేదు.

"ఇవ్వండి" అంది కిటికీలోకి. "ఈయన చేతికి పట్టేవి చూసివ్వండి. ఇంట్లో అంట్లున్నాయి."