యతి తప్పిన సముద్రం

మావారు పద్మనాభం గారు రిటైరైన గుండె డాక్టరు. అమెరికాలో మేముండే నోవై ఊళ్ళో గుండెలు చూడడం మానేశాక పద్యాల మీద పడ్డారు. మా సాహితీ మిత్రుల సమావేశంలో ఎవరు ఏ పద్యం చదివినా గణాలు విడగొట్టి, యతి ఎక్కడ తప్పిందో తేల్చేదాకా ఎవరినీ భోజనానికి లేవనివ్వరు.

పోయిన ఉగాదికి నేనూ ఒక ఉత్పలమాల చదివాను. సముద్రం మీద. నా చిన్నప్పుడు భీమిలిలో మా తమ్ముణ్ణి అల లాక్కుపోయింది. మావారికి ఆ సంగతి తెలుసు. పద్యంలో మూడో పాదం వాడిదే. అక్కడ యతి కుదిరే మాట దొరికినా పెట్టలేదు. వాడు పోయినచోట లయ సాఫీగా సాగిపోతుంటే నాకు ఒళ్ళు మండింది.

"మూడో పాదం కుంటుతోంది వసంతా," అన్నారాయన అందరి ముందూ. "ప్రాస పర్లేదు. అయినా సముద్రం మీద కొత్తగా చెప్పడానికేముంది? వంటకున్నట్టే ఛందస్సుకీ కొలతలుంటాయి."

అందరూ నవ్వారు. ఆయన మార్కులు ఎవరికి కావాలి? మా తమ్ముణ్ణి ఒక్కరైనా ఒక్క నిమిషం తలుచుకుంటారనుకున్నాను.

ఈ ఉగాదికి అదే పద్యం టైప్ చేసి ఆయన చేతిలో పెట్టాను. "బేస్‌మెంట్ క్లీన్ చేస్తుంటే మీ పాత పద్యమొకటి దొరికిందండీ." గుర్తుపడతారేమోనని భయపడ్డాను. అనవసరంగా. వింటే కదా గుర్తుండడానికి! పోయినసారి ఆయన వేళ్ళ మీద గురువులూ లఘువులూ లెక్కపెట్టారు, మిగతావాళ్ళు ఆయన తీర్పు విని నవ్వారు, అంతే.

సమావేశంలో గొంతు సవరించుకుని, రాగం తీసి మరీ చదివారు. ఈసారి సమావేశం పెట్టిన ఇంటాయన మనోహర్ భయంభయంగా, "డాక్టర్ గారూ, మూడో పాదంలో యతి పడలేదేమో?" అన్నాడు.

"తప్పలేదయ్యా, తప్పించాను. అల విరిగేచోట యతి విరగాలి. ఆ వయసులో ఎంత ధైర్యంగా రాసేవాణ్ణో!"

చప్పట్లు మోగాయి. నా పద్యం గురించి ఇన్నాళ్ళకు ఒక నిజమైన మాట విన్నాను. అదీ ఆయన తనను తాను పొగుడుకుంటూ అన్నది.

లేచి నిలబడ్డాను. "ఏవండీ, చిన్న డౌటు. మూడో పాదంలో మునిగిపోయిన ఆ తమ్ముడెవరు? మీ అమ్మగారికి మీరొక్కరే కదా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితంలోకి చూశారు. పెదాలు కదుపుతూ మూడో పాదం చదివారు. వేళ్ళు మాత్రం కదల్లేదు.