పడుగు అతికిన పూట సునామీ

ధర్మవరంలో బండెక్కి నిద్రపోతే మచిలీపట్నంలో మెలకువ వస్తుంది. ఆ ఊళ్లోనే మా అమ్మాయి యామినికి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. రేపు చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. బండి సాయంత్రం. మధ్యాహ్నం నుంచే మా ఇంట్లో ఉప్పెన.

కారణం నా బావమరిది కుళ్లాయప్ప, వాడి చేతిలోని ఫోను. శనివారం సముద్రం లేచి తీరమంతా మింగుతుందని ఎవరో స్వామి చెప్పిన వీడియోను వాళ్లక్క ఉషారాణికి, అంటే మా ఆవిడకు, పదే పదే చూపించాడు.

"బావా, ఆయప్ప చెప్పినాడంటే జరిగి తీరుతాది."

"తీరుతాదో, తీరం దాటుతాదో ఆయప్పకెట్ల తెలుసప్పా? భూకంపం ఎప్పుడొస్తాదో సైంటిస్టులకే తెలీదు. అలకు తేదీ పెట్టేకి అదేమన్నా పెండ్లి ముహూర్తమా?"

"నీకన్నీ ఎగతాళే. రెండువేల నాలుగులో రాలేదా?"

"వచ్చింది. ముందుగా ఏ స్వామన్నా చెప్పినాడా?"

వాడు తల గోక్కున్నాడు. "చెప్పింటాడు. అప్పుడు వాట్సాప్ లేదు."

వీడితో వాదించడం వేసవి చిత్రావతిలో వల వేయడం. అల మాట దేవుడెరుగు, ఆ ఏట్లో నీటి అలికిడైనా ఉండదు. అయినా నేను వదల్లేదు. నా గొంతు వీధి చివరిదాకా వినిపించింది. గెలిచాననుకుని లోపలికి తిరిగి చూశాను. ఉషారాణి మగ్గానికి నిలువు పోగుల కొత్త పడుగు తెచ్చి, యామినిని పక్కన కూర్చోబెట్టుకుని, పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతోంది.

మా ఇంట్లో పడుగు అతకడానికి కూర్చున్నవాళ్లు అది పూర్తయ్యేదాకా లేవకూడదు. మధ్యలో చోటు ఖాళీ అయితే చీరంతా తెగిన పోగులేనని మా నాయన అనేవాడు. ఆ మాటే నేనూ అంటూ వచ్చాను. వేల పోగులు. పని తేలేసరికి తెల్లారుతుంది.

"ఈపొద్దే పెట్టుకోవల్లా ఈ పని? లేయ్ యామినీ, బండికి టైమైంది."

"ఎట్ల లేచేది నాయనా? లేవగూడదని నువ్వే కదా చెప్పేది." యామిని పోగు మీంచి కళ్లెత్తలేదు.

"శనివారం దాటినాంక పోతాదిలే," అంది ఉషారాణి.

"శనివారం దాటితే ఉద్యోగం చేయి దాటిపోతాదే."

"బిడ్డ ఉంటాది కదా."



యామిని పక్కనే చతికిలబడి, ఆమె వేళ్ల మధ్య ఉన్న పోగును నా వేళ్లలోకి తీసుకున్నాను.

"చోటు ఖాళీ కాలేదు. ఇంక లేయ్."

ఉషారాణి చేయి ఆగింది. యామిని లేచి, వాళ్లమ్మ భుజం మీద కాసేపు చేయి ఉంచి, సంచి తీసుకుంది. వీధిలో ఆటో ఆగి, మళ్లీ కదిలిన చప్పుడు వినిపించింది. ఉషారాణి కళ్లు తుడుచుకోకుండానే పోగులు అతకసాగింది. నా వైపు చూడలేదు.

కుళ్లాయప్ప లోపలికొచ్చి నా వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఫోను శబ్దం పెంచాడు.

"బావా, ఇంకో ఆయప్ప చెప్తాండాడు. శనివారం కాదంట, ఆదివారమంట."

"ఆపప్పా దాన్ని."

"పూర్తిగా ఇను. యాడికి పోతావులే."