కథకు పిడికెడు

సినిమా ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు ఇలా ఉండేదాన్ని కాదు. ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని.

మా పని రొయ్యల షెడ్డులో. కొడవలూరు దాటాక హైవే పక్కన ఉంటుంది. కంపెనీ బస్సు తెల్లారకముందే సముద్రం వైపు ఊళ్ళన్నీ తిరిగి మమ్మల్ని ఎక్కించుకుని ఏడింటికి గేటు ముందు దించుతుంది. ఫోన్లు లాకర్లో పెట్టి, గమ్‌బూట్లు తొడుక్కుని, టోపీ, మాస్కు, గ్లౌజులు వేసుకుని లోపలికి పోతే మళ్ళీ నాలుగింటికే బయటపడటం. స్టీలు బల్ల చుట్టూ ఐదుగురం నిలబడతాం. ఐసుతో కలిపి రొయ్యల్ని మా ముందు కుమ్మరిస్తారు. తల తీయాలి, పెంకు ఒలవాలి, వీపు మీద నల్ల నరం లాగాలి, ఎవరి గిన్నెలో వాళ్ళు వేసుకోవాలి. మధ్యాహ్నానికి వేళ్ళు మనవి కావు. నడుము అంతకుముందే మనది కాదు.

చేతులు ఆగనంత వరకు మాట్లాడుకోవచ్చు. సూపర్‌వైజరు చంద్రమౌళి అందుకు ఏమీ అనడు. మేం మాట్లాడుకునేది సినిమాల గురించే. ఇళ్ళ సంగతులు మొదలుపెడితే ఏడుపొస్తుంది, ఆ గ్లౌజులతో కళ్ళు తుడుచుకోకూడదు.

రోజారమణి ఏ సినిమాకైనా ఐదుకు రెండున్నర మార్కులు వేస్తుంది. పేరమ్మక్కకు పాటలు ఎక్కువైనా నచ్చదు, తక్కువైనా నచ్చదు. కామాక్షికి ఇంకా పాతికేళ్ళు లేవు, హీరో గడ్డం దగ్గర మొదలుపెట్టి హీరోయిన్ జాకెట్టు దగ్గర ఆపుతుంది. నేనేం తక్కువ తినలేదు. డబ్బింగు కుదరలేదంటాను, ఫైటింగులో తాడు కనపడిందంటాను. అయితే ఎవరు ఏం చెప్పినా అందరి అభిప్రాయాలూ మొదటి గంట మీదే ఉండేవి. తర్వాత ఏమైందని అడిగితే సెకండాఫ్ సాగదీశాడు అనేవాళ్ళం. పాపం వాళ్ళేం సాగదీయలేదు, మాకే కళ్ళు మూతలు పడేవి. మూడున్నరకు లేచి వంట చేసి బస్సెక్కే మనిషి రాత్రి అంట్లు తోముకుని ఫోను పట్టుకుంటే ఇంటర్వెల్ దాకా మెలకువగా ఉండటమే గొప్ప. ఫోను జారి మొహం మీద పడి ముక్కు వాచిన రోజులు కూడా ఉన్నాయి. నిద్రపోయామని ఒప్పుకోవడానికి మాత్రం ఎందుకో సిగ్గు.

మా ఐదుగురిలో పెద్దది వెంకటశేషమ్మ పిన్నమ్మ. నాకు చుట్టమేమీ కాదు, వయసును బట్టి పిలుపు. అరవై దాటింది. ముప్పై ఏళ్ళు వరి నాట్లు వేసిన మనిషి. ఇప్పుడు నాట్లకు బెంగాలు నుంచి ముఠాలు దిగుతున్నాయి, లేదంటే మిషను. ఆమెకు ఈ బల్ల తప్ప ఇంకో పని లేదు. ఈ బల్ల దగ్గరేమో వేళ్ళు ఆడవు. ఐసునీళ్ళకు కణుపులు బిగుసుకుపోయి, మేం మూడు రొయ్యలు ఒలిచేలోపు ఆమె ఒకటి ఒలిచేది. సాయంత్రం ఎవరి గిన్నె వాళ్ళ పేరు మీద తూకం వేస్తారు. వారంలో మూడు రోజులు తూకం తగ్గితే ఇక రావద్దంటారు. ఇది షెడ్డు నియమం, చిన్నా పెద్దా లేదు.

ఆమెను ఇన్నాళ్ళు నిలబెట్టింది పిడికిలి. నాట్ల రోజుల్లో పాట చెప్పే మనిషి చెయ్యి నెమ్మదిస్తుంది కదా, అందుకని ఆమె వంతుకు వచ్చిన వరస, ఆమె మునుం, మిగతావాళ్ళు పంచుకుని నాటేవాళ్ళు. పొలం పోయినా ఆ పద్ధతి మాతోపాటు షెడ్డులోకి వచ్చింది. బల్ల దగ్గర సినిమా కథ చెప్పినవాళ్ళకు చెయ్యి ఆగుతుంది కాబట్టి, కథ సాగినంతసేపూ మిగతావాళ్ళు తలా ఇన్ని పిడికిళ్ళు ఒలిచిన రొయ్యలు వాళ్ళ గిన్నెలో వేయాలి. అభిప్రాయాలకు పిడికిలి లేదు. అవి ఎవరైనా చెబుతారు. కథ చెప్పాలి, అదీ చివరిదాకా.

చివరిదాకా చెప్పగలిగింది శేషమ్మ పిన్నమ్మ ఒక్కతే. ఆమెకు పెద్ద ఫోను లేదు. పక్కింటి టీవీలో చూస్తానని చెప్పేది. మేం మా మొదటి గంట చెప్పుకుని, మార్కులు వేసుకుని, ఆ పైన నోరు తెరుచుకుని నిలబడితే ఆమె మెల్లగా అందుకునేది. ఆమె చెప్పే ముగింపుల్లో ఎవరూ చచ్చేవాళ్ళు కారు. విలన్ కూడా కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. ఇల్లు వదిలిపోయిన పిల్ల తిరిగి వచ్చేది, తల్లి అన్నం పెట్టేది, అందరూ తినేసి చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళు. ఎంత పెద్ద హీరో సినిమా అయినా చివరికి చాప పరవాల్సిందే. వింటుంటే మాకే ఒళ్ళు తేలికపడేది. ఇన్ని సినిమాలు ఒకేలా ఎందుకు ముగుస్తున్నాయని నాకు అనుమానం రాలేదు. సినిమాలంతేలే అనుకున్నాను. నా బుర్ర అలాంటిది.

పోయిన వానాకాలంలో నాకు జ్వరం తగిలింది. కీళ్ళ నొప్పులతో నాలుగు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు పొద్దున మా ఆయన పనికి పోయాక పడుకుందామంటే నిద్ర రాలేదు. ఫోను తీసి లారీ సినిమా పెట్టాను. అన్నదమ్ములిద్దరు ఒక లారీ కోసం కొట్టుకునే కథ. అప్పటికి మా బల్లంతా దాన్ని సగం సగం చూసి ఉంది. ఇంటర్వెల్ అయింది, నాకు మెలకువగానే ఉంది. ఇంకో గంట గడిచింది, ఇంకా మెలకువగానే ఉంది. చివర్లో పెద్దవాడు ఆ లారీ కిందే పడి చనిపోయాడు. తల్లి ఇంటి గడప మీద కూర్చుంటే చిన్నవాడు రోడ్డు మీదే నిలబడిపోతాడు, ఇద్దరూ మాట్లాడుకోరు. పేర్లు పడేదాకా చూశాను. లైటు పట్టినవాళ్ళ పేర్లు, అన్నం వండినవాళ్ళ పేర్లు కూడా చదివాను. పెళ్ళయ్యాక ఒక సినిమా పూర్తిగా చూడటం నాకు అదే మొదలు. ఏదో పరీక్ష పాసైనట్టు పొంగిపోయాను. ఎవరికి చెప్పాలా అని రెండు రోజులు కాచుకున్నాను.

శుక్రవారం పనిలోకి వెళ్ళాను. టీ విరామం అయ్యాక రోజారమణి ఆ లారీ సినిమానే ఎత్తింది. ఎప్పటిలాగే రెండున్నర వేసి, చివర ఏమైందో గుర్తులేదంది. శేషమ్మ పిన్నమ్మ గొంతు సవరించుకుంది. అన్నదమ్ములిద్దరికీ జ్ఞానం వచ్చి లారీ అమ్మేశారని, తల్లి చేపల పులుసు కాచిందని చెప్పుకుపోతోంది. చాపల దగ్గరికి రాబోతోంది. నేను ఆగలేకపోయాను.

"కాదు పిన్నమ్మా. వాళ్ళు కలవరు. పెద్దోడు చచ్చిపోతాడు."

పేరమ్మక్క బల్ల కింద బూటుతో నా కాలు తొక్కింది. జారిందేమోననుకుని కాలు వెనక్కి తీసుకున్నాను. కామాక్షి తల ఎత్తకుండా రొయ్యలు ఒలుస్తోంది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. కాలేదు.

"చివరిదాకా చూసినావామే?" అని పిన్నమ్మ అడిగింది.

పేర్లు పడేదాకా చూశానన్నాను, గర్వంగానే.

"అయితే నువ్వే చెప్పు. నేను ఇంకేదో సినిమాతో కలిపేసినట్టుండాను" అంది. అని, తన గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి నా గిన్నెలో వేసింది. కథ చెప్పేవాళ్ళకు వేయాలి కదా, మొదటి పిడికిలి ఆమే వేసింది. ఆ తర్వాత మిగతా ముగ్గురూ వేశారు.

నేను చెప్పాను. తక్కువ చెప్పలేదు. లారీ బ్రేకు పడకపోవడం దగ్గర్నుంచి గడప దాకా, తల్లి చూపు ఎలా ఉందో, వెనక వాయిద్యం ఎలా ఏడ్చిందో అన్నీ చెప్పాను. మధ్యమధ్యలో చేతులు ఆపేసి మరీ చెప్పాను. వాళ్ళు పిడికిళ్ళు వేస్తూనే ఉన్నారు. భోజనాల తర్వాత రోజారమణి ఫైటింగు సంగతి అడిగితే మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ వేశారు. శేషమ్మ పిన్నమ్మ కూడా ప్రతిసారీ వేసింది. ఆమె గిన్నెలో అడుగు కనపడుతోందని నేను చూడలేదు. అందరూ నా మాటే వింటుంటే నాకు జ్వరం నీరసం కూడా తెలియలేదు.

నాలుగింటికి తూకం. మా బల్ల మీద నాదే ఎక్కువ వచ్చింది. నాలుగు రోజులు మంచంలో ఉండి లేచి వచ్చిన దానికి అంత తూకం ఎలా వచ్చిందని కూడా నేను ఆలోచించలేదు. శేషమ్మ పిన్నమ్మ గిన్నె ఎక్కించినప్పుడు ముల్లు ఎక్కడో కింద ఆగింది. చంద్రమౌళి కాగితం చూశాడు, మళ్ళీ ముల్లు చూశాడు. ఆమె మొహం మాత్రం చూడలేదు.

"పెద్దమ్మా, ఈ వారంలో ఇది మూడో రోజు గదా. నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు.

ఆమె సరేనంది. ఆ వారంలో అప్పటికే రెండు రోజులు తగ్గిందని నాకు తెలియదు. నేను రాకపోవడంతో పిడికిలి వేసే చెయ్యి ఒకటి తగ్గిపోయింది, పైగా ఆ రెండు రోజులూ సన్న రొయ్య వచ్చిందట. ఆమె గ్లౌజులు విప్పి, ఎప్పటిలాగే నీళ్ళలో జాడించి, చిలక్కొయ్యకు తగిలించి వెళ్ళింది.

బస్సులో ఆమె ముందు సీట్లో కూర్చుంది. మేం వెనక కూర్చున్నాం. ఎవరూ నాతో మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది. నేనేం తప్పు చేశాను, ఉన్న సంగతి చెప్పడమే తప్పా అని కామాక్షిని నిలదీశాను.

"ఆ సినిమా నేను గూడూరులో మా అమ్మోళ్ళింటికి పొయ్యినప్పుడు థియేటర్లో చూసినా వనజక్కా. చివరిదాకా చూసినా" అంది కామాక్షి. "నోరు మూసుకోలా నేను?"

పేరమ్మక్కది, పిన్నమ్మది ఒకే వీధి. పిన్నమ్మ పక్కింటివాళ్ళు మద్రాసు వెళ్ళిపోయి రెండేళ్ళు దాటిందని, ఆ ఇంటికి తాళమేసి ఉందని, అందులో టీవీ కాదు కదా బల్బు కూడా వెలగదని పేరమ్మక్క చెప్పింది. ఆ ముగింపులన్నీ పిన్నమ్మ బల్ల దగ్గర నిలబడి అప్పటికప్పుడు అల్లినవే. రోజారమణికి తెలుసు, పేరమ్మక్కకు తెలుసు, నిన్న మొన్న వచ్చిన కామాక్షికి తెలుసు. నాకూ తెలిసే పిడికిలి వేస్తున్నానని అనుకున్నారట.

మరి నా గిన్నెలో ఎందుకు వేశారు, ఆమె గిన్నెలోనే వేయాల్సింది కదా అని అడిగాను. అడుగుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"ముందు ఆమే నీకు వేసింది గదా" అంది పేరమ్మక్క. "ఆ తర్వాత మేం ఆమె గిన్నెలో ఏమని వెయ్యాల? కథ లేకుండా వేస్తే ఆ మడిసి తీసుకుంటదా?"

బస్సు హైవే దిగి చిన్న రోడ్డు పట్టింది. నేను లేచి, సీట్లు పట్టుకుంటూ పోయి పిన్నమ్మ పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో అనుకుని వెళ్ళలేదు. ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తోంది. నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చింది. జ్వరం పూర్తిగా తగ్గిందా అని అడిగింది.

నాకు ఎందుకు వేశావు పిన్నమ్మా, నీకే తక్కువైతే, అన్నాను.

ఆమెకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "కథ చెప్పినావు గదమ్మే. చెప్పినోళ్ళకు వెయ్యాల. నాకు మాత్రం వీళ్ళు ఊరికే వేసినారా ఇన్నాళ్ళు? నా కథలు బాగుండబట్టే గదా వేసినారు. మునుం పట్టిన కాడ్నించీ ఎవురి కాడా ఊరికే తీసుకోలా నేను."

అని నా వైపు చూసింది. అడగడం లేదు, ధీమాగానే చెబుతోంది. ఆ ధీమా తప్ప ఆమె దగ్గర ఇక ఏమీ మిగల్లేదు. వెనక సీట్లలో ముగ్గురూ వింటున్నారని నాకు తెలుసు. నా నోటిదాకా ఎన్నో వచ్చాయి. తాళమేసిన ఇల్లు వచ్చింది, కామాక్షి చూసిన థియేటరు వచ్చింది, క్షమించమనే మాట కూడా వచ్చింది. క్షమించమంటే ఎందుకని అడుగుతుంది.

"అవును పిన్నమ్మా. బాగుండబట్టే వేసినాం" అన్నాను.

ఆమె తల ఊపింది. నేను నోరు అదుపులో పెట్టుకున్న రోజు అదొక్కటే, అది కూడా ఆమె పని పోయిన తర్వాత. ఆమె ఊరు వచ్చింది. వేళ్ళు ముడవలేక రెండు అరచేతులతో కడ్డీని అదిమి పట్టుకుని, ఒక్కో మెట్టే దిగింది.